లేని కాలి నొప్పికి ఆపరేషన్: ఏడాది దాటాక నా రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే మార్కులు వేసేస్తాను. ఆపరేషన్‌కి అయిదుకి నాలుగు. ఆపరేషన్‌కి ముందు డాక్టర్ నా కాలి మోడు (కాలు తీసేశాక మిగిలిన ముక్క) మీద వేలు పెట్టి చూసిన పావుగంటకి అయిదుకి అయిదు, ఆరు వేసే వీలుంటే ఆరే వేద్దును. బిల్లింగ్ కౌంటర్‌కి రెండు, అదీ అక్కడ కూర్చున్న అమ్మాయి మర్యాదగా మాట్లాడింది కాబట్టి. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు ఎలా ఉంటుందో ముందే చెప్పిన తీరుకి ఒకటి. ఆ ఒకటి కూడా ఎందుకేశానో నాకే తెలీదు.

విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో నాది చిన్న జిరాక్స్ షాపు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉన్నట్టు ఇచ్చే కాగితం) కాపీలు తీయించుకోవడానికి వచ్చేవాళ్లలో కాలు పోయినవాళ్లు నెలకి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. కౌంటర్ పక్కనుంచి నా రబ్బరు పాదం కనిపించగానే గొంతు తగ్గించి "అన్నా, నీకూ నొప్పెడతాదా?" అంటారు. గొంతు తగ్గించడం ఎందుకో నాకు తెలుసు. లేని కాలు నొప్పెడుతోందని పైకి అంటే పిచ్చి పట్టిందనుకుంటారని భయం. ఒక్కొక్కరికీ అరగంట చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, పైగా వెనకాల ఆధార్ కాపీలవాళ్లు క్యూలో ఉంటారు. అందుకే ఒక్కసారి రాసి పడేస్తున్నాను.

ఆసుపత్రి పేరు రాయను. విశాఖలో అని మాత్రం చెబుతాను. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, పొగడాల్సినవి ఎక్కువున్నాయి, పేరు పెడితే తిట్లే మిగులుతాయి.

2019 నవంబర్‌లో హైవే మీద బైకు, లారీ. ఎడమ కాలు మోకాలి కింద జానెడు కూడా మిగల్లేదు. అంతకంటే ఆ రోజు గురించి రాయాలని లేదు.

నొప్పి గురించి మాత్రం రాయాలి, ఎందుకంటే నాలాంటివాళ్లు డాక్టర్ దగ్గర ముందు తప్పు చేసేది ఇక్కడే. "కాలు నొప్పి సార్" అని ఊరుకుంటాం. నాకు జరుగుతున్నవి మూడు, మూడూ వేరు వేరు. మొదటిది అసలు నొప్పే కాదు, కాలు ఉన్నట్టు అనిపించడం. రాత్రి బాత్రూంకి లేచి, లేని కాలు నేల మీద పెట్టి రెండుసార్లు బోర్లా పడ్డాను. కాలు తీసేసినవాళ్లలో చాలామందికి ఇది ఉంటుంది, దీనికి మందక్కర్లేదు, పక్కన కర్ర పెట్టుకుంటే చాలు. రెండోది ఆ లేని పాదంలో నొప్పి. నా వేళ్లు అయిదూ లోపలికి ముడుచుకుపోయి, బొటనవేలి గోరు పక్క వేలిలో దిగబడుతున్నట్టు ఉండేది. విప్పుదామంటే వేళ్లు లేవు. మూడోది మిగిలిన మోడులో. బయటివైపు, సన్న ఎముక చివర, వేరుశనగ గింజంత చోటు. అక్కడ లుంగీ అంచు తగిలినా చాలు, కరెంటు షాక్ కొట్టినట్టు జిల్లుమని పాదం పైభాగానికి, అంటే లేని పాదం పైభాగానికి, పాకేది. వెనకాల పిక్క లోతులో ఇంకో చోటు ఉండేది, గట్టిగా నొక్కితే అరికాలు నిప్పుల మీద పెట్టినట్టు భగ్గుమనేది.

కౌంటర్ కింద ఒక చిన్న స్టూలు మీద ఆ మోడు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కస్టమర్ డబ్బులిస్తుంటే షాక్ కొట్టేది, చిల్లర చేతిలోంచి ఎగిరి పడేది. జనం నాకు మూర్ఛ ఉందనుకున్నారు.

మా అమ్మకి మాత్రం మొదటిరోజు నుంచీ కారణం తెలుసు. ఆసుపత్రివాళ్లు తీసేసిన కాలుని గుడ్డలో చుట్టి ఇస్తే మా బావే తీసుకెళ్లి ఊరి చివర పాతిపెట్టాడు. నేను వేళ్లు ముడుచుకుపోతున్నాయని చెప్పగానే అమ్మ బావ వైపు తిరిగి "నువ్వు పాతిపెట్టినప్పుడు ఏళ్లు ముడుచుకుపోయుంటాయి, సూసుకోనేదేటి? తవ్వించి సరిజేయించీద్దాం" అంది. బావ పార పట్టుకుని బయల్దేరాడు కూడా. నేనే ఆపాను. ఆపానే గానీ, ఆ రాత్రి రెండు గంటలకి గోరు దిగబడుతుంటే, ఒక్కసారి తవ్వి చూస్తే తప్పేముంది అని నాకూ అనిపించింది. అబద్ధమెందుకు.

ఇది ఇప్పటి జబ్బు కాదు. 16వ శతాబ్దంలోనే ఫ్రెంచి సైన్యంలో గాయాలకి వైద్యం చేసిన ఆంబ్రోయిస్ పారే అనే సర్జన్, కాలు తీసేసినవాళ్లు లేని కాలు నొప్పెడుతోందంటున్నారని రాసిపెట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికుల్ని చూసిన వెయిర్ మిచెల్ అనే డాక్టర్ 1871లో దీనికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టాడు, అంటే దెయ్యం కాలు. ఆ పేరు అమ్మకి చెప్పలేదు. చెప్తే ఇంటికి భూతవైద్యుణ్ణి పిలిపించేది.

మందుల సంగతి త్వరగా ముగించేస్తాను. ముందు గాబాపెంటిన్, తర్వాత ప్రీగాబాలిన్, రాత్రికి అమిట్రిప్టిలిన్, అన్నీ నరాల నొప్పికిచ్చే మాత్రలే. తగ్గింది, లేదనను, పదిలో తొమ్మిది ఉన్నది ఆరుకొచ్చింది. కానీ మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి నాలుక పిడచగట్టుకుపోయి, కళ్లు మూతలు పడేవి. ఒక పిల్ల ఎంసెట్ హాల్ టికెట్ రెండు కాపీలు అడిగితే ఇరవై తీసి పెట్టి, ఇరవైకీ డబ్బులడిగాను. ఆ మందులతోనే హాయిగా ఉన్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లకి కత్తితో పనిలేదు. ఇంకో మాట, ఈ మాత్రలు ఎవరికి వాళ్లు ఒక్కసారిగా ఆపేయకూడదు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఒకసారి నేను ఆ తెలివితక్కువ పని చేసి, మూడు రోజులు చెమటలతో, నిద్ర లేకుండా గడిపాను.

తర్వాత అద్దం. మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన వి.ఎస్. రామచంద్రన్ 1990లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. రెండు కాళ్ల మధ్య నిలువుగా అద్దం పెట్టి, బాగున్న కాలుని అద్దంలో చూస్తూ కదిపితే, పోయిన కాలే కదులుతోందని మెదడు నమ్ముతుంది. పాత బీరువా తలుపుకున్న అద్దం ఊడదీయించి మంచం మీద పెట్టుకున్నాను. పైసా ఖర్చు లేదు. మొదటిరోజు కుడి కాలి వేళ్లు విప్పుతుంటే అద్దంలో ఎడమ కాలి వేళ్లు విచ్చుకున్నాయి, నిజంగానే ఆ పట్టు సడలింది, నాకు ఏడుపొచ్చేసింది. రోజూ పావుగంట చేస్తే వేళ్ల పట్టు కొంచెం తగ్గింది. కానీ బయటివైపున్న ఆ గింజ దగ్గర షాక్ మాత్రం అద్దానికి లొంగలేదు. అప్పుడైనా నాకు అర్థమై ఉండాల్సింది, ఇవి రెండు వేర్వేరు దొంగలని.

అర్థం కాలేదు. 2022లో మా వైపే ఒక ఆసుపత్రిలో "నరం చివర గడ్డ కట్టింది, తీసేస్తే పోతుంది" అన్నారు. నడుముకి మత్తిచ్చి అరగంటలో తీసేశారు. మూడు నెలలు స్వర్గం. ఎనిమిదో నెలకి గింజ మళ్లీ మొలిచింది, ఈసారి ఇంకొంచెం పైన. వెళ్లి అడిగితే "మళ్లీ తీద్దాం" అన్నారు. ఎన్నిసార్లు తీస్తారండీ, జానెడైనా మిగల్లేదు కదా!

ఎందుకు మళ్లీ మొలిచిందో విశాఖ డాక్టర్ చెప్పాక, ఇంటికొచ్చి మా ఆవిడకి పెరట్లో ఆనప పాదు చూపించి చెప్పాను. తీగని మధ్యలో కోసేస్తే ఊరుకోదు కదా, కోసిన చోటు నుంచి చిగుళ్లు వేస్తుంది. పందిరి దొరికితే పాకుతుంది. దొరక్కపోతే అక్కడక్కడే చుట్టుకుని ఉండ కట్టేస్తుంది. తెగిన నరం కూడా అంతే. పాదం దాకా వెళ్లాలని చివర నుంచి సన్నటి పోగులు చిమ్ముతుంది, వెళ్లడానికి కాలు లేదు, అక్కడే మచ్చలో చిక్కుపడి గడ్డ అవుతుంది. దాన్నే న్యూరోమా అంటారు. ఆ గడ్డ కోస్తే కొత్తగా తెగిన చివర వస్తుంది, అది మళ్లీ చిగురిస్తుంది. కోసిన చివరని కండలోకి లోతుగా దోపితే కొందరికి సరిపోతుందట. నాకు దోపారో లేదో డిశ్చార్జ్ కాగితంలో ఒక్క ముక్క రాయలేదు.

ఇప్పుడు ఆ పావుగంట గురించి.

ఈయన ప్లాస్టిక్ సర్జన్. ప్లాస్టిక్ సర్జన్ అంటే ముక్కు సరిచేసేవాడని మేం అనుకునేవాళ్లం, చేతులూ నరాలూ కలిపేది కూడా వాళ్లేనట. గుమ్మం ముందు ఓపీ మూడు గంటలు ఆలస్యం, అది వేరే కథ. లోపలికి వెళ్లగానే నా ఫైలు తీయబోతే "తర్వాత చూద్దాం, కాలు తియ్యండి" అన్నాడు. సాకెట్ (పెట్టుడు కాలిలో మోడు దూర్చే గిన్నె) విప్పి, లైనర్ (మోడుకి వేసుకునే మెత్తటి తొడుగు) ఊడదీశాను. "ఎక్కడో ఒక్క వేలితో చూపించండి, అరచేత్తో కాదు." నాలుగేళ్లలో ఎవరూ నన్ను ఒక్క వేలితో చూపించమనలేదు. చూపించాను. పెన్నుతో చుక్క పెట్టుకుని, తన మధ్యవేలితో టక్ టక్ అని మెల్లగా తట్టాడు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. "ఎక్కడికి పోయింది?" అన్నాడు. నేను మోడుకి అడుగు కింద, గాల్లో, పాదం పైభాగం ఉండాల్సిన చోటు చూపించాను. నవ్వలేదు. నేను చూపించిన చోటుని కాగితం మీద పాదం బొమ్మ గీసి అందులో గుర్తు పెట్టుకున్నాడు. పిక్క వెనక నొక్కితే అరికాలు చూపించాను, అదీ గీసుకున్నాడు. "పైభాగానికి వెళ్లే నరం వేరు, అరికాలికి వెళ్లే నరం వేరు, మీకు రెండూ గడ్డ కట్టాయి" అన్నాడు. లేని పాదం మీద నేను చూపించిన చోట్లు ఆయన పుస్తకంలో బొమ్మతో సరిపోయాయన్నమాట. పిచ్చి కాదని ఆ క్షణంలో రుజువైంది, నాకు అదే చాలనిపించింది.

తర్వాత ఎక్స్‌రే, ఎముక చివర ముల్లులా ఏమైనా పెరిగిందేమోనని. అల్ట్రాసౌండ్‌లో ఆ గడ్డలు మా ఆవిడకి కూడా చూపించారు, తెర మీద నల్లగా ఉబ్బినట్టు కనిపించాయి. ఆ తెర చూస్తూనే సన్న సూదితో నరం పక్కన లిగ్నోకెయిన్, అదే పళ్లు పీకేటప్పుడిచ్చే తిమ్మిరి మందు, ఎక్కించి "పది నిమిషాలాగి కాలు తొడుక్కుని కారిడార్‌లో నడవండి" అన్నారు. నడిచాను. నేల మీద కావాలని గట్టిగా తన్నాను కూడా. షాక్ లేదు. మా ఆవిడ "ఏమండీ, మెల్లగా" అంటూ వెనకాల పరిగెత్తుతోంది, నేను మాత్రం చంటిపిల్లాడిలా అటూ ఇటూ తిరుగుతున్నాను. వేళ్ల పట్టు సగం వదిలింది, పూర్తిగా కాదు. రెండు గంటలకి మందు దిగిపోయి మళ్లీ మామూలే.

అప్పుడాయన అన్న మాట ఇక్కడ రాయడం అవసరం. "ఈ సూది ఎంత తీసేసిందో చూసుకున్నారు కదా. ఆపరేషన్ మీద అంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. మిగిలింది మెదడు దగ్గరుంది, అక్కడ నా కత్తి పనిచెయ్యదు."

నా పక్కన బొబ్బిలి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఇదే నొప్పికి వచ్చారు. ఆయన్ని చూసి, సూది వేసి, "మీకు నరం కాదు, సాకెట్ అంచు ఒరుసుకుంటోంది, కాలు చేసినవాళ్ల దగ్గరికి వెళ్లండి" అని పంపించేశారు. ఆపరేషన్ చేస్తే వచ్చే డబ్బుని అలా గుమ్మంలోంచి పంపించేసిన చోటు గనక నేను నమ్మాను.

ఆపరేషన్ పేరు టీఎంఆర్, టార్గెటెడ్ మజిల్ రీఇన్నర్వేషన్. పేరు నోరు తిరగదు గానీ పని మాత్రం ఆనప పాదుకి పందిరి వేయడమే. గడ్డ కోసేసి, ఆ నరం చివరని పక్కనే ఉన్న కండలోకి వెళ్లే ఒక చిన్న నరానికి అతికిస్తారు. ఆ చిన్న నరాన్ని ముందే తెంపుతారు కాబట్టి ఆ కాస్త కండ యజమాని లేకుండా ఉంటుంది, పెద్ద నరం పోగులు దాంట్లోకి పాకి, కండని పట్టుకుని, అక్కడ కుదురుకుంటాయి. తిరగడానికి చోటు, చేయడానికి పని దొరికిందన్నమాట. ఇది నొప్పి కోసం పుట్టిన ఆపరేషన్ కూడా కాదు. చికాగోలో టాడ్ క్యూకెన్, గ్రెగరీ డుమానియన్ అనే ఇద్దరు 2002లో, కరెంటు షాక్‌కి రెండు చేతులూ పోయిన ఒక లైన్‌మన్‌కి, చేతి నరాలు ఛాతీ కండకి కలిపారు, ఆ కండ సంకేతాలతో మర చెయ్యి కదపాలని. అలా చేసినవాళ్లకి నరాల నొప్పి కూడా తగ్గుతోందని తర్వాత గమనించారు. 2019లో 28 మందితో చేసిన పరీక్ష ఒకటి అచ్చయింది, సగం మందికి ఇది, సగం మందికి గడ్డ తీసి కండలో దోపే పాత పద్ధతి. ఏడాది దగ్గర మొగ్గు దీనివైపే ఉన్నా తేల్చి చెప్పేంత కాదు, ఇంకా ఎక్కువ కాలం చూశాక లేని కాలి నొప్పి విషయంలో తేడా స్పష్టంగా కనిపించింది. 28 మందంటే మా వీధిలో పెళ్లికి వచ్చినంతమంది కూడా లేరు. ఆ సంగతి డాక్టరే చెప్పాడు, దాచలేదు.

ఇంకో పద్ధతి ఆర్‌పీఎన్‌ఐ, మిషిగన్ యూనివర్సిటీ వాళ్లది. దాంట్లో చిన్న కండ ముక్క కోసి తెచ్చి నరం చివర తమలపాకు చుట్టినట్టు చుట్టేస్తారు. నాకు రెండు పెద్ద నరాలకి టీఎంఆర్, చర్మానికి వెళ్లే సన్న నరాలకి ఈ చుట్టు.

2024 జూన్‌లో చేరాను. ఇన్సూరెన్స్ డెస్క్‌లో కుర్రాడు "టీఎంఆరా? ఎమ్మారైనా సార్?" అన్నాడు. వాళ్ల జాబితాలో ఆ పేరు లేదట. మొదట తిప్పికొట్టారు, డాక్టర్ రెండు ఉత్తరాలు రాశాక కొంత ఒప్పుకున్నారు. చేతి నుంచి నాకు లక్షా నలభై వేలు పడింది. అందులో మైక్రోస్కోప్ చార్జీ అని ఒక లైను ముందిచ్చిన ఎస్టిమేట్‌లో లేదు. అడిగితే "సూదీ దారమూ వెంట్రుక కంటే సన్నం సార్, మామూలు కంటికి కనపడదు" అన్నారు. కనపడదు సరే, ఎస్టిమేట్ కాగితం మీదైనా కనపడాలి కదా. వెళ్లేవాళ్లు చేరకముందే ఇన్సూరెన్స్‌వాళ్లకి రాతపూర్వకంగా పంపించి జవాబు తెప్పించుకోండి. ప్రభుత్వ పథకం కార్డుతో వెళ్లేవాళ్లు ముందు ఆసుపత్రిలో ఆ పథకం డెస్క్‌లో ఉండేవాళ్లని కలిసి, ఏ పేరుతో పెడతారో కాగితం మీద రాయించుకోండి.

ఆపరేషన్ నాలుగు గంటలు. నేను మత్తులో ఉన్నాను కాబట్టి రివ్యూ రాయడానికి ఏమీ లేదు. ఒక్కటి మాత్రం తర్వాత చెప్పారు. కండలోకి వెళ్లే చిన్న నరాన్ని వెతకడానికి సన్న కరెంటు పుల్లతో తాకి, ఏది తాకితే కండ టుక్కుమంటుందో చూస్తారట. కండలు పూర్తిగా సడలిపోయే మందిస్తే ఏదీ కదలదు గనక ఆ మందు ఆ టైంలో ఇవ్వకూడదని మత్తు డాక్టర్‌తో ముందే మాట్లాడుకుంటారట. నా మోడులో కండలు నాకు తెలీకుండా ఆ బల్ల మీద డాన్స్ చేశాయన్నమాట.

మూడో రోజు డిశ్చార్జ్. ఇక్కడి నుంచి ఆ ఒక్క మార్కు భాగం.

రెండు వారాలు కుట్ల నొప్పే, మామూలే అనుకున్నాను. మూడో వారం నుంచి పాదం మళ్లీ మొదలైంది, ముందుకంటే ఎక్కువగా. వేళ్లు మెలి తిరిగేవి, పిక్కలో ఏదో పురుగు పాకినట్టు కండ దానంతటదే అదిరేది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టర్ "నార్మల్ సార్" అని పెట్టేశాడు. నార్మల్ అయితే ముందే చెప్పచ్చు కదయ్యా! లక్షా నలభై వేలు పోసి నొప్పి కొనుక్కొచ్చానని మా ఆవిడ దగ్గర ఏడ్చాను. నెలకి చెకప్‌కి వెళ్తే పెద్ద డాక్టర్ శాంతంగా చెప్పాడు. నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, అంతే. అతికిన చోటు నుంచి కండలోకి పాకి కుదురుకోవడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా ఇలా రేగుతుంది, మాత్రలు ఇప్పుడే తగ్గించొద్దు. ఈ నాలుగు మాటలు డిశ్చార్జ్ కాగితం వెనక తెలుగులో అచ్చేసి ఇస్తే సగం టెన్షన్ ఉండేది కాదు. కాపీకి రెండు రూపాయలు, కావాలంటే నేనే తీసిస్తాను.

మా ఆవిడ క్యాలెండర్‌లో రోజుకో గీత పెట్టి "ఇవాళ్టికి నలభై రెండు మిల్లీమీటర్లు" అని చెప్పేది. అది నాకు ప్రీగాబాలిన్ కంటే బాగా పనిచేసింది.

అక్టోబర్‌లో మా ఊరి పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం. అప్పటికి నాలుగు నెలలు. కొత్త సాకెట్ ఇంకా రాలేదు, కర్రల మీద వెళ్లి మూడు లాంతర్ల కూడలి దగ్గర తెలిసినవాళ్ల అరుగు మీద కూర్చున్నాను, మోడు మీద తువ్వాలు కప్పుకుని. పైడితల్లమ్మ సిరిమాను కదిలేసరికి జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు. ఎవరిదో ఏడెనిమిదేళ్ల గుంట తూలి సరిగ్గా నా మోడు మీద కూర్చుండిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని పళ్లు బిగించాను, షాక్ కోసం. రాలేదు. బరువు తెలిసింది, నొప్పీ తెలిసింది, మామూలు నొప్పి, అందరికీ ఉండేలాంటిది. ఆ పిల్ల వాళ్లమ్మ "సారీ అన్నయ్యా" అంటుంటే నేను పిచ్చివాడిలా నవ్వుతున్నాను. పాపం ఆవిడ పిల్లని గబుక్కున లాక్కుని వెళ్లిపోయింది.

సాకెట్ సంగతి ఎవరూ లెక్కలో వేసుకోరు, వేసుకోండి. వాపు తగ్గి, కండ సర్దుకున్నాక మోడు ఆకారం మారిపోతుంది, పాత సాకెట్ పనికిరాదు. మొదట్లో నాకు ఉచిత క్యాంపులో జైపూర్ పాదం ఇచ్చారు, 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ సేఠీ కలిసి తయారుచేసిన రకం. పాదానికి ఈనాటికీ వంక పెట్టలేను, బురదలో, అరుగుల మీద అదే నయం. సాకెట్ మాత్రం రెండుసార్లు కొత్తగా చేయించాల్సి వచ్చింది, అయిదో నెలలో ఒకటి, పదో నెలలో ఇంకొకటి. కాబట్టి ఖర్చు లెక్క ఆసుపత్రి బిల్లుతో ఆగదు. రోజుల లెక్క కూడా. నా షాపు రెండున్నర నెలలు మా తమ్ముడు చూసుకున్నాడు, వాడికి ప్రింటర్‌లో పేపర్ ఎటు పెట్టాలో ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడు లెక్క ఇది. బయటివైపు గింజ దగ్గర షాక్ పదిలో తొమ్మిది ఉండేది, ఇప్పుడు ఒకటి, ఎప్పుడైనా రెండు. పిక్క వెనక మంట దాదాపు పోయింది. లేని వేళ్ల పట్టు ఏడు నుంచి మూడుకి వచ్చింది, ముసురు పట్టిన రోజు నాలుగు. డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించి ప్రీగాబాలిన్ 300 మిల్లీగ్రాముల నుంచి 75కి తెచ్చాం, అదీ రాత్రికే. అద్దం ఇంకా మంచం పక్కనే ఉంది, వారానికి రెండుసార్లు తీస్తాను. ఆపరేషన్‌కి ఒక మార్కు తగ్గించింది ఈ మిగిలిన మూడుకి కాదు, అది ముందే చెప్పారు. మోడు లోపలివైపు అరచెయ్యంత మేర మొద్దుబారిపోయింది, దోమ కుట్టినా తెలీదు, సాకెట్ ఒరిసి పుండు పడితే రెండు రోజులకి గానీ చూసుకోలేదు. రోజూ రాత్రి చేతి అద్దంతో మోడు చుట్టూ చూసుకోవడం కొత్త పని అయింది. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఎవరు వెళ్లచ్చంటే, నొప్పిని ఒక్క వేలితో చూపించగలిగి, అక్కడ తడితే షాక్ కొట్టి, సూది వేస్తే కాసేపైనా పోయేవాళ్లు. చోటు చూపించలేనివాళ్లు, సూదికి ఏమాత్రం తగ్గనివాళ్లు ముందు అద్దం, మందులు, సాకెట్ సరిచూసుకోవడం. "నరం చివర ఏం చేస్తారు?" అని డాక్టర్‌ని సూటిగా అడగండి. "తీసేస్తాం" అని ఆగిపోతే "తీసేసి ఎక్కడ పెడతారు?" అని మళ్లీ అడగండి. 2022లో నేను ఆ రెండో ప్రశ్న అడగలేదు. ఇంట్లో ఎవరికైనా ఇప్పుడే కాలు తీయాల్సి వస్తే, తీసేటప్పుడే ఇది కూడా చేసే వీలుంటుంది, ప్రాణం మీదకి వచ్చిన కేసు కాకపోతే అడిగి చూడండి.

వెళ్లే దారి గురించి ఒక మాట. విజయనగరం నుంచి విశాఖ అరవై కిలోమీటర్లే అని నేను మొదటిసారి రైలెక్కాను. దివ్యాంగుల బోగీలో దివ్యాంగుడు తప్ప అందరూ ఉన్నారు, దిగేటప్పుడు మెట్టుకీ ప్లాట్‌ఫాంకీ మధ్య సందు చూసి గుండె ఆగింది. ఆపరేషన్ తర్వాత మాత్రం కారే, కాలు చాపుకుని. ఆసుపత్రిలో ర్యాంపు బాగుంది, లిఫ్టు బాగుంది, నాలుగో అంతస్తు బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ లేదు. కాళ్లు లేనివాళ్లకి ఆపరేషన్ చేసే అంతస్తు అది. ఫిర్యాదు పుస్తకంలో రాశాను, మొన్న చెకప్‌కి వెళ్లినప్పుడు చూశాను, ఇంకా పెట్టలేదు.

మొన్న పండక్కి బావ వచ్చాడు. అన్నాలు తింటుంటే అమ్మ అడిగింది, "ఏళ్లు తెరుసుకున్నాయేట్రా?"

"నాలుగు తెరుచుకున్నాయమ్మా. బొటనవేలు ఒక్కటే ఇంకా కొంచెం ముడుచుకునుంటోంది."

అమ్మ బావ వైపు చూసింది. బావ చెయ్యి కడిగేసుకున్నాడు.